నాన్న వేలం పాడిన చేపలు

కాశీకో కాశ్మీరుకో వెళ్ళొస్తే రాయాలి గానీ, రేపల్లె వెళ్ళొచ్చి కూడా రాస్తారా అని మా పక్కింటావిడ నవ్వింది. ఆవిడ రేపల్లె చూడలేదు. చూడనివాళ్ళ కోసమే కదా రాసేది! పైగా నేను వెళ్ళింది చుట్టపుచూపుకు కాదు, చేపల క్రోమోజోములు లెక్కపెట్టడానికి. ఆ పని మీద రేపల్లె రైలెక్కినవాళ్ళు నాకు ముందు ఎవరైనా ఉంటే చెప్పండి, వాళ్ళతో కూర్చుని కాఫీ తాగాలని ఉంది.

ఉద్యోగమంతా విశాఖపట్నంలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఒకరోజు మా ఊరి నుంచి మార్తమ్మక్క ఫోన్ చేసింది. "అమ్మాయ్, నువ్వు చేపల చదువు చదివావు కదా. మన గుంటని ఎండగట్టేస్తారంట. ఒకసారి వచ్చి చూడు" అంది. గొంతులో ఏడుపు తెలుస్తోంది.

ఆ గుంట సంగతి ముందు చెప్పాలి. రేపల్లె నుంచి బస్సులో అరగంట ప్రయాణం మా ఊరు. అక్కడి లూథరన్ చర్చి కట్టేటప్పుడు ఇటుకల మట్టి కోసం వెనక తవ్విన గుంట అది. అందులో ఉండేవి మార్పు చేపలు. నల్లటి నున్నటి ఒళ్ళు, మీసాలు, పైకొచ్చి గాలి పీల్చుకుని బురదలో కూడా బతికేసే మొండి ప్రాణం. అవన్నీ కోత పండగ కానుకలే. పంట ఇంటికొచ్చాక ఒక ఆదివారం ఎవరికి తోచింది వాళ్ళు దేవుడికని తెస్తారు. ధాన్యం, గుమ్మడికాయలు, కోడిపెట్టలు, అరటి గెలలు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. డబ్బు చర్చికి, వస్తువు పాడుకున్నవాళ్ళకి. మార్తమ్మక్క కూలికి వెళ్ళే మనిషి, సొంత పొలం లేదు. కోతలప్పుడు మడుల్లో, బోదె కాలవల్లో పట్టిన మార్పు చేపల్ని కుండలో నీళ్ళు పోసి తెచ్చేది.

మా నాన్న ఆ ఊరి బడికి హెడ్మాస్టరు. నా చిన్నప్పుడు ఒక ఏడు ఆ కుండని వేలంలో పాడుకున్నారు. ఇంటికొచ్చాక అమ్మ కత్తిపీట వాల్చేసరికి నేను ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చానట. నాన్న విసుక్కుంటూనే కుండ ఎత్తుకెళ్ళి చేపల్ని గుంటలో వదిలేశారు. మరుసటి ఏడు నేను నోరు తెరవకముందే వదిలేశారు. ఆ పైన అదో ఆచారమైపోయింది. మార్తమ్మక్క తేవాలి, నాన్న పాడాలి, జనమంతా వెంట నడవగా గుంటలో వదలాలి. చేపలు కోసే చదువు నేనెందుకు చదివానో అని అమ్మ చాలాకాలం నవ్వుకుంది.

ఇప్పుడు ఆ గుంటలో క్యాట్‌ఫిష్ పడిందని పుకారు. ఆఫ్రికా నుంచి వచ్చిన జాతి అది. పెంచకూడదని నిషేధం ఉంది. మాట పై అధికారుల దాకా వెళ్ళకముందే నీళ్ళు తోడేసి, ఉన్న చేపలన్నీ పూడ్చెయ్యాలని చర్చి సంఘపెద్దలు అనుకున్నారు. నాటు చేపలే అని ఎవరైనా రుజువు చూపిస్తే ఆపుతామన్నారు. కోత పండగ దాకా గడువు. నేను బట్టలు సర్దుకున్నాను.

తెనాలి

తెనాలిలో దిగేసరికి పొద్దెక్కింది. రేపల్లె రైలుకి ఇంకా టైముంది. ఇడ్లీ తిని, ఊరికే ఉండలేక చేపల మార్కెట్టుకి వెళ్ళాను. ఒకావిడ ముందు టబ్బులో చెయ్యంత చేపలు మెలికలు తిరుగుతున్నాయి.

"ఇవేంటమ్మా?"

"మార్పులండి. నాటువి."

"ఒంటి మీద ఈ మచ్చలేంటి?"

"ఎండకండి."

"నీళ్ళల్లో ఉన్న చేపకి ఎండేంటమ్మా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "టీచరా మీరు? కొనేవాళ్ళు ఇన్ని అడగరండి" అని పక్కవాళ్ళ బేరంలో పడిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. అసలైన నాటు మార్పు ఎప్పుడో గానీ రాదని, వస్తే దీనికి మూడు నాలుగు రెట్లు పలుకుతుందని పక్కనున్న పెద్దాయన చెప్పాడు.

మార్కెట్టు బయట జిలేబీ వేస్తున్నారు. తెనాలి బెల్లం జిలేబీ తెలియనివాళ్ళకి ఒక మాట: నగరాల్లో అద్దాల వెనక పెట్టే నారింజ రంగు జిలేబీ వేరు, ఇది వేరు. ముదురు రంగు, మందం, కొరికితే పాకం గడ్డం మీదకి కారుతుంది. నాన్న తెనాలి వచ్చినప్పుడల్లా పొట్లం కట్టించుకుని తెచ్చేవారు. ఇంటికొచ్చేసరికి అది సగమే ఉండేది. రైల్లో వేడి మీద తినకపోతే జిలేబీని అవమానించినట్టని ఆయన వాదన. నేనూ పొట్లం కట్టించుకున్నాను.

రేపల్లె రైలు

ఈ రైలు గురించి గొప్పలు చెప్పడానికేమీ లేదు. వేమూరు, భట్టిప్రోలు అంటూ ప్రతి చోటా ఆగి, రేపల్లెలో పట్టాలు అయిపోతాయి గనక అక్కడ నిలబడిపోతుంది. నా చిన్నప్పుడు అక్కడితో భూమి అయిపోతుందని అనుకునేదాన్ని. కిటికీ అవతల కోసిన మళ్ళు, కుప్పలు, మినుము మొలకలు. ఆ వాసన తగిలేసరికి జిలేబీ పొట్లం పక్కన పెట్టి కిటికీకి మొహం ఆనించాను.

ఎదుటి సీట్లో ఒకాయన చీరాల చీరల మూటలతో కూర్చున్నాడు. పల్లెల్లో తిరిగి అమ్ముతాడట. నా చీర అంచు వంక చూసి, "చేనేత అని చెప్పి అమ్మారా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. "మిల్లుదండి. ఏమనుకోకండి" అన్నాడు.

"ఎలా తెలుసండీ? రెండూ ఒకేలా ఉంటాయిగా."

జేబులోంచి చిన్న భూతద్దం తీసి చీర మీద పెట్టాడు. "పైకి ఒకేలా ఉంటాయండి. అనుమానం వస్తే అద్దం పెట్టి పోగులు లెక్కెట్టుకోవాలి."

నేను వెళ్తున్నది కూడా సరిగ్గా ఆ పనికేనని చెబితే మొదట నమ్మలేదు. అప్పుడు విడమరిచి చెప్పాను. ప్రతి జీవికి ఒంట్లోని ప్రతి కణంలోనూ క్రోమోజోములని సన్నటి దారపు ముక్కల్లాంటివి ఉంటాయి. మన నాటు మార్పుకి యాభై. ఆఫ్రికా చేపకి యాభై ఆరు. రెండూ కలిసి పిల్లల్ని పెడితే తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చి యాభై మూడు తేలుతాయి. అలాంటి సంకరం చేపలు పైకి నాటువాటిలాగే ఉండి మోసం చెయ్యగలవు, లెక్క మాత్రం దాగదు.

"అయితే పోగుల లెక్కేనండి" అన్నాడు ఆయన తృప్తిగా. జిలేబీ పెట్టాను. ఆయన ఒక చీర కొనమన్నాడు. కొన్నాను కూడా. అది చేనేతో కాదో ఇప్పటికీ చూసుకోలేదు.

గుంట గట్టున

రేపల్లెలో బస్సు మారి మా ఊరు చేరాను. మార్తమ్మక్క చర్చి గేటు దగ్గరే కూర్చుని ఉంది. బాగా వంగిపోయింది. "వందనాలమ్మా" అంటూ నా రెండు చేతులూ పట్టుకుని నేరుగా గుంట దగ్గరికి లాక్కెళ్ళింది. మంచినీళ్ళు తరవాత ఇచ్చింది.

గట్టు మీద కూర్చుని కొంగులోంచి గుప్పెడు అన్నం తీసి నీళ్ళలోకి విసిరింది. కాసేపటికి నీళ్ళు కదిలాయి. తొడంత లావు చేప ఒకటి వెడల్పాటి తల పైకెత్తి, నోరు తెరిచి, మునిగిపోయింది. ఒంటి నిండా మచ్చలు. అది ఆఫ్రికాదని చెప్పడానికి మైక్రోస్కోపు అక్కర్లేదు.

"అది నేను తెచ్చిందేనమ్మా" అంది మార్తమ్మక్క.

కొన్నేళ్ళ కిందట ఆమె కూతురికి గుంటూరులో ఆపరేషనైంది. బతికి ఇంటికొస్తే దేవుడికి మంచి కానుక ఇస్తానని మొక్కుకుంది. మడుల్లో దొరికే చిన్న చేపలు ఆ మొక్కుకి సరిపోవనిపించింది. కూలి డబ్బులు కూడబెట్టి తెనాలి మార్కెట్టుకి వెళ్ళి, టబ్బులో అన్నిటికన్నా పెద్ద మార్పు ఏదో చూసి కొనుక్కొచ్చింది. దేవుడికి చిన్నదెలా ఇస్తాం? నాన్న ఎప్పటిలాగే పాడారు. అదే ఆయన చివరి కోత పండగ.

"మీ నాన్నగారు వదిలేముందు చాలాసేపు చూశారు. ఇది మన చేప కాదేమో మార్తమ్మా అన్నారు. మళ్ళీ ఆయనే, దేవుడి గుంటలో మనవీ పరాయివీ ఏంటిలే అని వదిలేశారు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "నేనిచ్చిన కానుక వల్ల అందరి కానుకలూ పాడైపోయాయా అమ్మా? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

నాన్న నవ్వు, ఆయన పంచె అంచు గుంట నీళ్ళలో తడవడం కళ్ళకి కట్టాయి. ఆయన మీద కాస్త కోపం కూడా వచ్చింది. హెడ్మాస్టరు కదా, ఒక మాట ఎవరినైనా అడగొచ్చుగా! కూతురు చదివింది అదే చదువు. కానీ ఆయనకి అది చేప కాదు, మార్తమ్మక్క మొక్కు.

సంఘపెద్ద యోహాను వల తెచ్చాడు. గుంట ఎండగట్టాలని పట్టుబట్టింది ఈయనే, కోత పండగ వేలం నడిపేదీ ఈయనే. "మిగతావన్నీ నాటువని లెక్క తేలితే నాకంటే సంతోషించేవాడు లేడండి. తేలకపోతే మాత్రం చర్చి మీదకి కేసొస్తుంది" అన్నాడు. నిజమే, తప్పుపట్టడానికేముంది. ఎన్నిసార్లు విసిరినా వలలో పడ్డవి కొన్ని చేపలే. ఒకప్పుడు గుంట కుతకుత ఉడికినట్టు ఉండేది. దొరికిన వాటిలో ఒకదాని ఒంటి మీద లేత చుక్కలున్నాయి. అది సంకరమేమోనని నాకు ధైర్యం జారింది. యోహాను మొహమూ మారింది.

ఆ చుక్కల చేపని బకెట్లోకి వెయ్యబోతే రెక్క ముల్లు నా వేలిలో దిగింది. ఆ మంట మాటల్లో చెప్పేది కాదు. మార్తమ్మక్క వేడినీళ్ళలో వేలు ముంచమని కూర్చోబెట్టి, "ఇన్నేళ్ళు చదివి పట్టుకోవడం రాలేదేంటే" అంది. ఆ రోజు ఆమె నవ్వింది ఆ ఒక్కసారే.

చెరుకుపల్లి మీదుగా

బాపట్లలో నా పాత విద్యార్థిని కల్యాణి ఒక కాలేజీలో లెక్చరర్. ల్యాబు వాడుకోనిస్తానంది. మూత ఉన్న బకెట్లో చేపల్ని పెట్టుకుని చెరుకుపల్లి మీదుగా వెళ్ళే బస్సెక్కాను. మూత తాడు సరిగ్గా బిగించలేదని ఒక గతుకు దగ్గర తెలిసింది. రెండు చేపలు బయటపడి సీట్ల కింద నుంచి పాక్కుంటూ ముందుకు వెళ్ళిపోయాయి. ఆడవాళ్ళంతా కాళ్ళు పైకెత్తేశారు.

"ఎవరివండీ ఇవి?" అని అరిచాడు కండక్టరు.

"నావే బాబూ, ముట్టుకోవద్దు, ముల్లు గుచ్చుద్ది" అన్నాను. విశాఖలో ఇన్నేళ్ళున్నా కంగారులో మా ఊరి మాటే వచ్చింది.

"వీటిక్కూడా టిక్కెట్టు కొట్టాలండి" అన్నాడు. బస్సంతా ఒకటే నవ్వు. వెనక సీటు మామ్మ ఒకావిడ తడిగుడ్డ కప్పి తల దగ్గర ఒడుపుగా పట్టుకుని రెండిటినీ బకెట్లో వేసింది. "పులుసుకా అమ్మా?" అంది. పరీక్షకన్నాను. "పాపం, చేపలకి కూడా పరీక్షలొచ్చాయా" అని జాలిపడింది.

బాపట్ల

నేను డిగ్రీ చదివింది బాపట్లలోనే. మొట్టమొదట మైక్రోస్కోపులోకి చూసిందీ ఇక్కడే, చూసింది నా సొంత కనురెప్ప వెంట్రుకని. వీధులు గుర్తుపట్టలేనంతగా కట్టేశారు గానీ సూర్యలంక సముద్రం వైపు నుంచి సాయంత్రం వచ్చే గాలి మాత్రం అదే.

"మేడమ్, డీఎన్ఏ పరీక్షకి పంపేద్దామా? ఇంత కష్టమెందుకు?" అంది కల్యాణి.

జాతిని తేల్చడానికి మామూలుగా చేసే ఆ పరీక్ష తల్లి వైపు వంశమే చెబుతుంది. తల్లి నాటుదై, తండ్రి ఆఫ్రికాదైతే నాటుదనే వస్తుంది. మాకు కావలసింది ఇద్దరి లెక్కా. అందుకే పాత పద్ధతి. అందులోనూ చేపని చంపని పద్ధతి. నా కాలంలో చంపి మూత్రపిండం తీసేవాళ్ళం. ఇప్పుడు ఆ గుంట చేపల్లో ఒక్కదాన్నీ చంపే ధైర్యం నాకు లేదు. తోక రెక్క అంచు కొంచెం కత్తిరించి, తొట్టెల్లో వదిలి, కొత్త అంచు మొలిచేదాకా ఆగాం. మొలుస్తున్న చోట కణాలు చురుగ్గా విడిపోతుంటాయి, క్రోమోజోములు కనిపించేది అప్పుడే.

ఆ ఆగడమే కష్టం. కల్యాణి వాళ్ళింట్లో గోంగూర, రొయ్యలు, మజ్జిగ మిరపకాయలు. ఏది తింటున్నా మనసు తొట్టెల దగ్గరే. కొత్త అంచు మొలిచాక దాన్ని కత్తిరించి, విభజనని మధ్యలో ఆపే మందులో ఉంచి, కణాలు ఉబ్బనిచ్చి, చల్లటి స్లైడు మీద ఎత్తు నుంచి చుక్క వెయ్యాలి. చుక్క పడ్డప్పుడు కణం పగిలి క్రోమోజోములు విడివిడిగా పరుచుకుంటాయి. పూర్వం మేం స్టూలెక్కి వేసేవాళ్ళం. ఇప్పుడు నా మోకాళ్ళు ఒప్పుకోవు గనక కల్యాణి ఎక్కింది, నేను కింద నుంచి "ఇంకా పైకి, ఇంకా పైకి" అన్నాను.

ఊదా రంగు వేసిన స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టి ఫోకస్ సరిచేశాను. ఎన్నాళ్ళయిందో వాటిని చూసి! చిన్న చిన్న గీతలు, కొన్ని మధ్యలో నొక్కినట్టు, కొన్ని చివర. లెక్కపెట్టాను. యాభై. మరో కణం, యాభై. ఒక కణంలో నలభై ఏడే తేలితే మళ్ళీ లెక్కపెట్టాను గానీ, అది చితికిన కణం, ముక్కలు చెదిరిపోయాయి. అందుకే ఒక్క కణాన్ని నమ్మకూడదు, చాలా చూడాలి. చుక్కల చేప స్లైడు చివరికి దాచుకున్నాను. దాన్ని మాత్రం కల్యాణిని చూడమన్నాను.

ఆమె పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. ఇంకో కణానికి జరిపింది.

"యాభై, మేడమ్. అన్నిట్లోనూ యాభై."

నేను కూడా ఒకసారి లెక్కపెట్టి చూసుకుని కుర్చీలో కూర్చున్నాను. నాన్న వదిలిన చేపలు నాన్న వదిలినట్టే ఉన్నాయి. అంతలోనే ఇంకో సంగతి తట్టింది. కలవలేదు సరే, మరి గుంటలో ఇన్ని తక్కువెందుకు ఉన్నట్టు? ఆ పెద్దది మిగతావాటిని తింటూ బతుకుతోంది. ఈ రెండో సగం మార్తమ్మక్కకి చెప్పాలా వద్దా అని తిరుగు బస్సంతా నలిగిపోయాను. ఈసారి మూత తాడు రెండు ముళ్ళు వేశాను.

మళ్ళీ ఊళ్ళో

చెప్పేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పమంది కదా.

"అక్కా, నీ కానుక వల్ల ఏదీ సంకరం కాలేదు. అన్నీ నాటువే. గుంట ఎండగట్టక్కర్లేదు. కానీ ఆ పెద్దది వాటిని తింటోంది. తియ్యకపోతే ఇవి కూడా మిగలవు."

మార్తమ్మక్క నీళ్ళ వంక చూసింది. "నేను రోజూ అన్నం పెట్టాను దానికి. ఆకలేసి చిన్నవాటి వైపు చూడకుండా ఉంటదని" అంది. తరవాత, "దేవుడికిచ్చింది వెనక్కి ఎలా తీసుకుంటామే?" అంది.

చర్చి పాస్టరు అయ్యగారు మెట్ల మీద నిలబడి వింటున్నారు. ఈ మధ్యే వచ్చిన యువకుడు, నెమ్మదస్తుడు. "వెనక్కి వద్దమ్మా. మళ్ళీ ఇవ్వండి. రేపు కోత పండగే కదా" అన్నారు.

ఆమె అన్నం విసిరింది, యోహాను వల విసిరాడు. పెద్దది పడింది. చిన్న సిమెంటు తొట్టిలాంటి గాబులో వేశారు. సాయంత్రం ఎండ ఉండగానే బకెట్లోని చేపల్ని ఒక్కొక్కటిగా మార్తమ్మక్కే గుంటలోకి జారవిడిచింది. తోక అంచులు కత్తిరించిన చోట ఇంకా సరిగ్గా పెరగలేదు. చుక్కలదాన్ని ఆఖర్న వదిలింది.

విశాఖలో మా చర్చిలో కోత పండగంటే ఇప్పుడు కవర్లో డబ్బు పెట్టి పేరు రాయడమే. ఇక్కడ ఇంకా కోళ్ళు బెంచీల కింద అరుస్తుంటే అయ్యగారు ప్రసంగం చెప్పారు. ఆరాధనయ్యాక చెట్ల నీడలో వేలం. గుమ్మడికాయలు, ధాన్యం, బెల్లం దిమ్మ అయ్యాక గాబు తెచ్చి మధ్యలో పెట్టారు. నేను వేలం పాట మొదలుపెట్టాను. రైసుమిల్లు గుమాస్తా ఒకాయన సరదాకి పెంచాడు. నేను ఇంకా పెంచాను. యోహాను "ఒకటోసారి, రెండోసారి" అంటూ నా వైపు చూసి, "హెడ్మాస్టరు గారి అమ్మాయి, మూడోసారి" అన్నాడు. నా పేరుతో పిలవలేదు. అంతకంటే మంచి పిలుపు నాకు ఏ ఉద్యోగంలోనూ రాలేదు.

గాబుని ఇద్దరు ఎత్తారు. అలవాటు కొద్దీ జనమంతా లేచి గుంట వైపు నడవడం మొదలుపెట్టారు. నేను కదల్లేదు. ఒక్కొక్కరూ ఆగి వెనక్కి తిరిగి చూశారు. ఎదురుగా మార్తమ్మక్క ఇల్లు, వాకిట్లో పొయ్యి, పక్కన కత్తిపీట. గాబు అటు తీసుకెళ్ళమని చెప్పాను.

మార్తమ్మక్క నా దగ్గరికి వచ్చి చెవిలో అడిగింది. "ఏడవ్వు కదా? నువ్వు ఏడిస్తే మళ్ళీ వదిలెయ్యాల్సొస్తది. ముందే చెప్పు."

ఏడవలేదని రాస్తే అబద్ధమవుతుంది. కానీ ఈసారి చేపని వదలడానికి నాన్న లేరు. పులుసు చింతపండు ఎక్కువై కాస్త పుల్లగా కుదిరింది. గట్టు మీద వరసగా కూర్చుని ఊరంతా తలా కాస్త తిన్నాం.